కిటికీలు తెరుచుకోని బస్సు

మా అమ్మది కట్టెల పొయ్యి ముందు ముప్పై ఏళ్లు గడిచిన జీవితం. ఆ పొగ ఆమె ఊపిరితిత్తులలో నిలిచిపోయింది. డాక్టరు చీటీ మీద సీఓపీడీ (ఊపిరి సరిగా ఆడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) అని రాసిన నాటి నుంచి, ఇంట్లో ఎవరు తుమ్మినా నా గుండె ఝల్లుమంటుంది. అలాంటిది, పోయిన డిసెంబరులో ఆమెకు జ్వరాన్ని మోసుకెళ్లి ఇచ్చింది నేనే.

శుక్రవారం రాత్రి కూకట్‌పల్లిలో ఏసీ స్లీపర్ బస్సు ఎక్కి, తెల్లవారాక కాకినాడలో దిగడం నాకు ఆరేళ్లుగా అలవాటు. ఆ రాత్రి నా వెనక పై బెర్తులో ఎవరో ఎల్బీనగర్ నుంచి ఏలూరు దాకా దగ్గుతూనే ఉన్నారు. నేను తెర లాగి, దుప్పటి ముసుగు పెట్టుకుని పడుకున్నాను. ఆదివారం మధ్యాహ్నానికి గొంతులో గరగర మొదలైంది. ఎండలో తిరిగినందుకేమో అనుకుని, అమ్మ పక్కనే కూర్చుని అన్నం తిని, రాత్రికి తిరుగు బస్సెక్కాను. బుధవారం అమ్మకు ఆయాసం, గురువారం ఆసుపత్రి. ఇన్‌ఫ్లుయెంజా, అంటే ఫ్లూ జ్వరం, అని పరీక్షలో తేలింది. అయిదు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. ఆ అయిదు రోజుల్లో "నీ వల్లేరా" అని ఒక్కసారి కూడా అనలేదు. "రాత్రి ప్రయాణాలు తగ్గించుకో నాన్నా, నీరసపడిపోతున్నావు" అంది.

నాకు ఆ బస్సులోనే అంటుకుందని రుజువు చేయలేను. దగ్గిన మనిషి మీద కోపమూ లేదు. ఆదివారం రాత్రి తిరుగు బస్సులో దగ్గింది నేనే కదా, నా చుట్టూ ఎందరు పడుకుని ఉన్నారో. కానీ అప్పటి నుంచి ఒక ప్రశ్న వదలలేదు. తెర లాగి ఉంది, అతను నన్ను తాకలేదు, మరి ఎలా?

జవాబు చైనాలో జరిగిన ఒక సంఘటనలో దొరికింది. 2020 జనవరిలో జెజియాంగ్ రాష్ట్రంలో కొందరు రెండు బస్సుల్లో ఒక ప్రార్థన కార్యక్రమానికి వెళ్లారు. పోవడానికి 50 నిమిషాలు, రావడానికి 50 నిమిషాలు. రెండో బస్సులో 68 మంది, వారిలో ఒకరికి అప్పటికే కోవిడ్ సోకి ఉంది. ఆ ఒక్కరి నుంచి 23 మందికి పాకింది. మొదటి బస్సులోని 60 మందిలో ఒక్కరికీ రాలేదు. రెండో బస్సులో ఏసీ లోపలి గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతోంది. రోగికి దూరంగా, వెనక వరుసల్లో కూర్చున్నవారికీ సోకింది. తెరవగలిగే కిటికీల పక్కన కూర్చున్నవారు మాత్రం, రోగి పక్క సీటులోని మనిషి తప్ప, క్షేమంగా ఉన్నారు.

ఇది చదివినప్పుడు నాకు చిన్నప్పటి శుక్రవారాలు గుర్తొచ్చాయి. అమ్మ దేవుడి గదిలో సాంబ్రాణి వేస్తే, తలుపుకు తెర ఉన్నా పెరటిగదిలో చదువుకుంటున్న నాకు వాసన వచ్చేది. మనం దగ్గినా మాట్లాడినా, ఊరికే ఊపిరి వదిలినా బయటికొచ్చే అతి సన్నని తుంపరలూ అంతే. పెద్దవి నేల మీద పడిపోతాయి, సన్నవి గాలిలో చాలాసేపు తేలుతూ ఉంటాయి. బెర్తుకు కట్టిన గుడ్డ వాటినేం ఆపుతుంది!

జనవరిలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే చిన్న మీటరు ఒకటి కొన్నాను. ఆ వాయువు జబ్బును అంటించదు. అయితే అందరూ వదిలిన ఊపిరి బయటికి పోకుండా ఎంత పేరుకుందో దాన్ని బట్టి తెలుస్తుంది. గాలిలో పది లక్షల వంతులకు ఆ వాయువు ఎన్ని వంతులో మీటరు అంకె చెబుతుంది. ఆరుబయట 420 చుట్టూ ఉంటుంది. మా బాల్కనీలో 440 చూపింది. కూకట్‌పల్లిలో బస్సెక్కినప్పుడు 900. బెర్తులన్నీ నిండి, చౌటుప్పల్ దాటేసరికి 2,300. సూర్యాపేట దగ్గర 3,200. మనం వదిలే ఊపిరిలో ఆ వాయువు దాదాపు 40,000 ఉంటుంది కాబట్టి లెక్క తేలికే: 3,200లోంచి ఆరుబయటి 420 తీసేస్తే మిగిలేది 40,000లో సుమారు పద్నాలుగో వంతు. ఆ బస్సులో నేను పీల్చే ప్రతి 14 ఊపిరుల్లో ఒకటి అప్పటికే ఇంకొకరి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి వచ్చినది. ఆ లెక్క వేశాక తెల్లవారేదాకా నిద్ర పట్టలేదు.

సూర్యాపేటలో టీ కోసం ఆపినప్పుడు డ్రైవరును అడిగాను. "బయటి గాలి లోపలికి రావడానికి మూత ఉంది సార్, తెరిస్తే చల్లదనం తగ్గుతుంది, ముందు లారీల పొగ వస్తుంది, డీజిలు ఎక్కువ తాగుతుంది, మీలాంటివాళ్లే ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తారు" అన్నాడు. అతని మాటలో తప్పు లేదు. చల్లగా లేకపోతే మనం గొడవ చేస్తాం, గాలి మారకపోతే మనకు తెలియదు. చలి ఒంటికి తెలుస్తుంది, పాచిగాలి తెలియదు. అయినా బతిమాలాను. మా అమ్మ సంగతి చెప్పాను. మూత తెరిచాడు, టీ తాగినంతసేపూ తలుపు కూడా తెరిచే ఉంచాడు. కోదాడ చేరేసరికి మీటరు 1,500కు దిగింది. చల్లదనం తగ్గిందని ఒక్కరూ లేచి అడగలేదు.

బస్సు యజమానులకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు, మళ్లీ రాస్తాను. కోవిడ్ రోజుల్లో రైల్వే వాళ్లు ఏసీ బోగీల్లో తెరలు తీసేశారు, దుప్పట్లు ఆపేశారు. 2022 మార్చిలో అవి తిరిగి రావాలని ఉత్తర్వు వచ్చింది. గాలి సంగతి మాత్రం అందరం మరిచిపోయాం. బస్సులో సీట్లకు మందు కొట్టామని రాసి అంటిస్తారు. ఈ గంటలో ఎంత బయటి గాలి లోపలికి వచ్చిందో ఎవరూ రాయరు. టిక్కెట్టు కొనేటప్పుడు నాకు తెలియాల్సింది ఆ రెండోది.

ఇప్పుడు వీలైనప్పుడల్లా గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో మామూలు స్లీపర్ తీసుకుంటున్నాను. బోగీ కిక్కిరిసి ఉన్నా, చలికి షట్టర్లు చాలావరకు దించేసినా, మొన్న వరంగల్ దగ్గర 1,100 దాటలేదు. ఎదుటి బెర్తు పెద్దావిడను అడిగి ఒక షట్టరు జానెడు ఎత్తితే పావుగంటలో 700. టిక్కెట్టు దొరకనప్పుడు బస్సే గతి, ఎన్95 మాస్కు పెట్టుకునే పడుకుంటాను. గొంతు గరగరలాడితే ఆ వారం ప్రయాణమే మానుకుంటాను.

మీటరు మొన్నటి ప్రయాణంలో అమ్మ దగ్గరే వదిలి వచ్చాను. చలికాలమని గది తలుపులన్నీ మూసుకుని పడుకునే మనిషి, ఇప్పుడు అంకె వెయ్యి దాటితే లేచి కిటికీ రెక్క కొంచెం తీస్తోందట. నిన్న ఫోనులో మొదటి మాటే అది: "ఆరు వందల ఇరవై ఉంది నాన్నా, నువ్వు రావచ్చు."