మస్సెల్‌బరోలో హికరీ కర్రలతో

స్కాట్లాండ్‌లోని మస్సెల్‌బరో ఓల్డ్ లింక్స్ (సముద్రతీరపు గోల్ఫ్ మైదానం)లో 1672లోనే గోల్ఫ్ ఆడినట్టు రాతపూర్వక ఆధారం ఉంది. గుర్రప్పందేల మైదానం మధ్యలో తొమ్మిదే హోల్స్. 1874 నుంచి 1889 దాకా బ్రిటిష్ ఓపెన్ గోల్ఫ్ పోటీలు ఆరుసార్లు ఇక్కడే జరిగాయి. అలాంటి నేల మీద పాతకాలపు హికరీ చెక్క కర్రలు వదిలి స్టీలు కర్రలతో ఆడితే సగం రుచి పోయినట్టే.

హికరీ షాఫ్ట్ (కర్ర కాడ) స్టీలుకన్నా ఎక్కువగా మెలి తిరుగుతుంది. తొందరపడి కొడితే చేతులు ముందుకొచ్చేస్తాయి, కర్ర తల వెనకబడి, బంతిని తాకే దాని ముఖం పక్కకు తెరుచుకుంటుంది, కుడిచేతివాటం వాళ్లకు బంతి కుడికి పోతుంది. కర్ర ఎత్తాక పైన ఒక్క క్షణం ఆగండి. తల బరువు చేతికి తెలిశాకే దించండి. ముందు బంతి తగలాలి, తర్వాతే గడ్డి. గట్టి నేల తగిలిందా, షాఫ్ట్ తలలోకి దిగే చోటే విరిగే ప్రమాదం ఎక్కువ. బంతి కూడా మెత్తటి రకమే వాడండి.

పాతకాలపు ఇనుప తల కర్రల్లో మాషీ ఇప్పటి ఐదో నంబరు ఐరన్‌కు దగ్గర, నిబ్లిక్ తొమ్మిదికి. లింక్స్ గాలిలో నిబ్లిక్‌తో పైకి లేపడం కన్నా మాషీతో దొర్లించడమే నయం.

ఆటకు ముందు కర్రను చెవి దగ్గర ఆడించండి. టిక్‌మంటే పొడిగాలికి చెక్క కుంచించుకుపోయి తల వదులైందన్నమాట. దాన్ని పక్కన పెట్టేయండి. ఆట అయ్యాక తడి తుడిచి, షాఫ్ట్‌కు అవిసె నూనె పల్చగా పట్టించి, మిగిలింది తుడిచేయండి. హీటర్ పక్కన మాత్రం ఆరబెట్టొద్దు.