రేకు అన్న మాట

రాత్రి పదకొండు దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. పెరట్లోని గ్యాసు పెనానికి కవరు కప్పి నేను కూడా పడుకోవలసినదాన్నే గాని, సాయంత్రం బాబాయిగారు అన్న ఒక్క మాట మనసులో నుంచి కదలడం లేదు. పెసరట్టు కోసం పళ్ళెం పట్టుకుని వచ్చినప్పుడు ఆయన నా చేతిలోని అట్లకాడ తీసుకుని, పెనం అంచు మీద రెండుసార్లు తట్టి, ఆ చప్పుడు శ్రద్ధగా విని, "ఇది పెనం కాదమ్మాయ్, రేకు" అన్నారు. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్ళు ఇనుముతో పనిచేసిన మనిషి, చప్పుడును బట్టి మందం చెప్పగలరు. ఉన్నమాటే అన్నారు. ఉన్నమాట కాబట్టే అది నన్ను ఇంతగా పట్టుకుంది.

ఈ పెనం కోసం నేను చాలాకాలం ఎదురుచూశాను. అపార్ట్‌మెంట్లో ఉన్న ఏడేళ్ళూ బాల్కనీలో గ్యాసు పొయ్యి పెట్టుకునే వీలు లేకపోయింది. చెక్కతో కట్టిన గోడలకు పదడుగుల లోపల మంట వెలిగించకూడదని లీజు కాగితంలోనే రాసి ఉండేది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఈ ఇల్లు తీసుకున్నాక, నేను అన్నిటికన్నా ముందు పెరటి పెనం గురించే ఆలోచించాను. వంటింట్లో అట్టు వేసినప్పుడల్లా పొగకు అలారం మోగే బాధ తప్పుతుందని, పదిమంది వచ్చిన రోజున ఒక్కొక్క అట్టూ పోస్తూ గంటన్నర నిలబడనక్కరలేదని నా ఆశ.

కొనడానికి వెళ్ళిన రోజున షాపులో అమ్మే కుర్రవాడు ప్రతి పెనం దగ్గరా ఒకే అంకె చూపించాడు. 36 అంగుళాలదానికి నాలుగు బర్నర్లు, గంటకు 60,000 బీటీయూలు. 22 అంగుళాలదానికి రెండు బర్నర్లు, 24,000 బీటీయూలు. ఒక పౌను నీటిని ఒక్క ఫారెన్‌హీట్ డిగ్రీ వేడెక్కించడానికి పట్టే వేడి ఒక బీటీయూ. పెద్దదానికి రెండున్నర రెట్ల శక్తి ఉందని అతను పదేపదే చెప్పాడు, నేను విని పెద్దదే కొన్నాను. ఇంటికి వచ్చిన తరవాత కాగితం మీద భాగించి చూసుకున్నాను. పెద్దదాని వైశాల్యం 768 చదరపు అంగుళాలు, అంటే అంగుళానికి 78 బీటీయూలు. చిన్నది సుమారు 360 చదరపు అంగుళాలు, అంటే అంగుళానికి సుమారు 67. అంత పెద్ద తేడా ఏమీ లేదు. అట్టుకు కావలసింది దాని కింద ఉన్న ఇనుము వేడి గాని పెనం మొత్తం వేడి కాదు. అసలు అడగవలసిన మందం సంగతి నేను అడగకపోలేదు. అతనికి తెలియదు, కార్డు మీద రాసి లేదు. ఇంట్లో కొలిస్తే అయిదు మిల్లీమీటర్లకు ఒక పిసరు తక్కువే వచ్చింది. బాబాయిగారు తట్టినట్టు నేనూ ఆ రోజే తట్టి చూసి ఉండవలసింది.

నూనె పట్టించడం మాత్రం ఎవరూ వంక పెట్టలేనట్టు చేశాను. ఫ్యాక్టరీ పూత పోయేలా ఒక్కసారి సబ్బుతో కడిగి, ఆరబెట్టి, కనోలా నూనెను తుడిచేసినంత పలుచగా రాసి, పొగ పూర్తిగా ఆగేదాకా కాల్చి, చల్లార్చి, మళ్ళీ రాసి, అలా అయిదు పూతలు వేశాను. బూడిదరంగు ఉక్కు మొదట తేనెరంగుకు, తరవాత కాఫీగింజ రంగుకు, చివరికి నల్లగా తిరిగింది. నూనె చిక్కగా రాస్తే జిగటగా మిగిలిపోతుంది, అవిసెనూనె అయితే పొరలుగా లేచిపోతుందంటారు. ఆ రెండు తప్పులూ నేను చేయలేదు.

ఇక ఇవాళ్టి సంగతి. పన్నెండుమందిని ఆరున్నరకు రమ్మన్నాం. పొద్దున్న నానబెట్టిన పెసలు అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, గుప్పెడు బియ్యంతో రుబ్బి, ఆరింటికల్లా బయట బల్ల మీద పెట్టాను. పెసరపిండి పులియవలసిన అవసరం లేదు గాని, ఎక్కువసేపు కూర్చుంటే నీరు వదిలి అట్టు మెత్తబడుతుంది, అందువల్ల నాకు తొందరగా ఉంది. బర్నర్లు వెలిగించారు మావారు. నాలుగూ వెలిగాయి, కాని మంట నీలంగా, చిటికెన వేలి గోరంత మాత్రమే వచ్చింది. పావుగంట ఆగినా నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమనడం లేదు. గ్యాసు అయిపోయిందని ఆయన అన్నారు. కాలేదని నేను చెప్పాను. పోయిన వారమే ట్యాంకును బాత్రూంలోని బరువు చూసుకునే మిషను మీద పెట్టి చూశాను. 29 పౌన్లు వచ్చింది, మెడ మీద ఖాళీ బరువు 17 అని కొట్టి ఉంది, అంటే ఇంకా 12 పౌన్లు గ్యాసు ఉండాలి. ఆ తరవాత పెనం వెలిగించనే లేదు. ఈ లెక్కను నేను ఆయనకు రెండుసార్లు చెప్పాను. మిషను తప్పు చూపించి ఉంటుందని అంటూనే ఆయన ట్యాంకు ఊడదీసి కారులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

నాకు కష్టం కలిగించింది ఇదే. డబ్బు సంగతి తరవాత. ఖాళీ సిలిండర్ల బోనులో మన ట్యాంకు పడేసి, ఇరవై డాలర్ల పైచిలుకు ఇచ్చి వేరే ట్యాంకు తెచ్చుకుంటాం. ఇరవై పౌన్లు పట్టే ఆ ట్యాంకులో నింపేది పదిహేనే. 12 పౌన్లు అప్పజెప్పి 15 తెచ్చుకున్నాం, అంటే మూడు పౌన్ల గ్యాసుకు పూర్తి వెల ఇచ్చాం. అంతకన్నా ఎక్కువగా, అంకె వేసి చెప్పిన మాటను వినకపోవడం, అదీ చుట్టాలందరి ముందూ, నన్ను నొప్పించింది. పుట్టింట్లో 14.2 కిలోల సిలిండర్ను అమ్మ అటూ ఇటూ ఊపి చూసి "ఇంకో వారం వస్తుంది" అంటే నాన్న మారుమాట్లాడకుండా బుకింగు వాయిదా వేసేవారు. అమ్మ చేతికి ఉన్న విలువ నా బరువు మిషనుకు లేకపోయింది.

ఆయన తిరిగి వచ్చేసరికి నలభై నిమిషాలు గడిచాయి. కొత్త ట్యాంకు బిగించి, తొందరలో దాని వాల్వు ఒక్కసారిగా గిర్రున తిప్పారు. మళ్ళీ అదే గోరంత మంట. అప్పుడు మా చిన్నవాడు లోపలికి వెళ్ళి పెనంతో వచ్చిన పుస్తకం తెచ్చి, మెట్ల మీద కూర్చుని వేలితో గీస్తూ చదివాడు. బర్నర్ నాబులు తెరిచి ఉండగా వాల్వు విప్పినా, వాల్వును ఒక్కసారిగా విప్పినా, గ్యాసు ఉరికి వచ్చినప్పుడు గొట్టం లీకయిందనుకుని లోపలి ఏర్పాటు దారిని బిగించేస్తుందట. అక్కడి నుంచి సన్నటి ధార తప్ప రాదు. అన్నీ కట్టేసి, రెగ్యులేటర్ విప్పి, కొద్దిసేపు ఆగి, మళ్ళీ బిగించి, వాల్వును మెల్లగా కొంచెం కొంచెంగా తిప్పి, ఆ తరవాత ఒక్కొక్క నాబే తెరవాలి. వాడు చెప్పినట్టే చేశాం. బిగింపు దగ్గర సబ్బునీళ్ళు పూసి బుడగలు రావడం లేదని చూసుకున్నాం. మంట బుస్సున నాలుగంగుళాలు లేచింది. పాత ట్యాంకులో గ్యాసు ఉందని అందరికీ అర్థమైంది, కాని ఎవరూ ఆ మాట పైకి అనలేదు. మావారు నా వైపు చూసి తల దించుకున్నారు. ఆయన చూపులో నాకు కావలసింది నాకు దొరికింది, కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాను.

నిజానికి కష్టం అక్కడితో తీరలేదు. ఏప్రిల్ గాలి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కరలేదు. పడమటి నుంచి విసిరికొట్టి ఎడమ పక్క రెండు బర్నర్లనూ ఒరిగించేస్తోంది. చిన్నవాడి థర్మామీటరు బర్నరుకు సరిగ్గా పైన 450 ఫారెన్‌హీట్ డిగ్రీలు చూపిస్తే, రెండు బర్నర్ల నడుమ 360 చూపించింది. ఉక్కు వేడిని త్వరగా పక్కకు పంచదు, పైగా పలుచన. మొదటి అట్టు గరిటె తిప్పుతుండగానే పిండి గరిటెకు చుట్టుకుని ఉండలా లేచివచ్చింది, రెండోది ఒకవైపు మాడి ఒకవైపు పచ్చిగా ఉండిపోయింది. అదిగో, సరిగ్గా ఆ సమయంలో బాబాయిగారు పెనం తట్టి చూశారు.

అప్పుడు నా కళ్ళ ముందు నిలిచింది అమ్మమ్మ పెనం. రేపల్లె దగ్గర వాళ్ళ ఊళ్ళో, వంటింటి మూల కట్టెల పొయ్యి మీద ఉండే పోతఇనుము పెనం. నడుమ అరచెయ్యంత మేర కాస్త తగ్గు ఉండేది, అంచు ఒకచోట చిన్న చెక్కు లేచి ఉండేది. దాని మీద అట్టు తప్ప ఇంకొకటి కాల్చడానికి వీల్లేదు. ఒకసారి పిన్ని చపాతీలు చేసిందని అమ్మమ్మ రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ పెనం మళ్ళీ దారికి రావడానికి వారం పట్టింది. వంకాయ ముచ్చికను నూనెలో ముంచి రుద్దేది, నీళ్ళు చిలకరించేది, ఆ నీటి బొట్లు గుండ్రంగా పరిగెత్తితే పెనం మరీ కాలిందని, ఇంకా వద్దనేది; పరిగెత్తకుండా చుయ్యిమని అక్కడే ఇగిరిపోతే అప్పుడు పిండి పోసేది. మేము ఎనిమిదిమంది పిల్లలం గోడవారగా పీటల మీద కూర్చునేవాళ్ళం. ఒక్క అట్టు ఎనిమిది ముక్కలయ్యేది. అందరం తిని లేచి, మామయ్యలు పొలం నుంచి వచ్చి తిని, ఆ తరవాత గిన్నె అడుగున మిగిలిన పిండితో ఆమె తన కోసం ఒక మందపాటి అట్టు వేసుకునేది. ఆ అట్టు వేడిగా తినడం నేను ఒక్కనాడూ చూడలేదు, ఎందుకంటే అప్పటికి ఎవరో ఒకరు పిలిచేవారు.

ఆ పెనం ముందు నాది రేకే. దీన్ని అమ్మేసి, మన హోటళ్ళలో ఉన్నట్టు అరంగుళం మందం పలక కోయించుకుని చట్రం చేయించుకోవాలని ఇందాక గంటసేపు లెక్కలు కూడా వేశాను.

అయితే ఇలా రాస్తూ ఉంటే ఇంకొకటి జ్ఞాపకం వచ్చింది. అమ్మమ్మ ప్రతి అట్టు తీయగానే పట్టుకారుతో పెనాన్ని పావు వంతు తిప్పేది. చిన్నతనంలో అది ఆమె అలవాటనుకునేదాన్ని. ఆ పొయ్యికి వాకిలి వైపు నుంచి గాలి వచ్చేది, మంట ఎప్పుడూ ఒక పక్కకే ఒరిగేది, ఆ పక్క ముందు కాలేది. పెనం అంత మందంగా ఉన్నా సమంగా కాలేది కాదు. ఆమె తిప్పడం వల్ల అట్టు సమంగా కాలేది. పిండి పోసే ముందు కట్టెను జానెడు వెనక్కి లాగేది, గరిటె తిప్పడం అయ్యాక లోపలికి తోసేది. నేను ఇవాళ నాలుగు నాబులనూ ఒకే చోట పెట్టి, ఇంత పొడవు పెనం ఒక్క పెనంలా కాలాలని కోరుకున్నాను. ఆ మందపాటి పెనం చివరికి ఏమయిందో కూడా గుర్తుకు వచ్చింది: ఎవరో తొందరలో కాలిన పెనం మీద చన్నీళ్ళు కుమ్మరిస్తే టప్పుమని పగిలి, రెండు ముక్కలుగా అటకెక్కింది. ఈ రేకు మీద నేను ప్రతిసారీ వేడిగా ఉండగానే గరిటెడు నీళ్ళు పోసి, ఆవిరి లేస్తుంటే గోకి శుభ్రం చేస్తున్నాను, చెక్కు చెదరలేదు.

మూడో అట్టు నుంచి నేను చేసినదీ, తెలియకుండానే, ఆమె చేసినదే. గాలి తగిలే ఎడమ చివర బర్నరు కట్టేసి, అక్కడ అల్లప్పచ్చడి గిన్నె, ఉల్లిపాయ ముక్కలు పెట్టాను. రెండోది బాగా తగ్గించి, సగానికి కోసిన ఉల్లిపాయతో తుడిచి, పిండి పోసి తిప్పేది అక్కడ. కాస్త గట్టిపడగానే అట్లకాడతో మూడోదాని మీదికి జరిపి, నూనె వేసి, పెద్ద మంట మీద ఎర్రగా కాల్చాను. కుడి చివర సన్నటి మంట మీద వేగినవి వేడిగా ఉన్నాయి. పెనం తిప్పడానికి బదులు అట్టును జరిపాను, అంతే తేడా. ఒక్కసారికి అయిదు అట్లు నడిచాయి. అంచులు దారంలా లేచి, నడుమ ఉల్లిపాయ అతుక్కుని, గోధుమరంగు చారలతో వచ్చిన అట్టు ఒకటి బాబాయిగారికి పెట్టాను. అది ఆయనకు నాలుగోది.

ఎనిమిదింపావుకు, అందరితోపాటు, పెనం పక్కనే నిలబడి నేను నా అట్టు వేడిగా తిన్నాను.

పలక కోయించే లెక్కల కాగితం చించలేదు గాని, సొరుగులో పెట్టేశాను. బాబాయిగారు వచ్చే శనివారం మళ్ళీ వస్తామన్నారు. ఆయన్ను అడిగి గాలికి అడ్డంగా పడమటి వైపు ఒక రేకు కట్టించుకోవాలి. ఇప్పుడే బయటికి వెళ్ళి పెనం మీద నూనె తుడుపు ఇంకొకటి వేసి, కవరు కప్పి, ట్యాంకు విప్పి మిషను మీద పెట్టి చూశాను. 30 పౌన్లు వచ్చింది. 13 పౌన్ల గ్యాసు ఉంది. ఇవాళ్టి తేదీతో సహా కాగితం మీద రాసి, మావారికి కనబడేలా ట్యాంకు మెడకు అంటించాను.