‘క్వైట్ గుడ్’ అంటే ఎంత గుడ్?

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఆరేడేళ్లు పనిచేసి, కంపెనీ బదిలీ మీద లండన్‌కో, దాని దగ్గర్లోని రెడింగ్ ఊరికో వచ్చిన మనవాళ్లు మొదటి మూడు నెలల్లో పప్పులో కాలేసేది పనిలో కాదు, మాటలో. డిజైన్ డాక్యుమెంట్ పంపిస్తారు. ‘క్వైట్ గుడ్, ఒకటి రెండు చిన్న కామెంట్లు పెట్టాను’ అని మేనేజర్ జవాబిస్తాడు. అమెరికాలో అలవాటైన చెవికి అది ‘చాలా బాగుంది’ అని వినిపిస్తుంది. బ్రిటిష్ నోట ‘గుడ్’ ముందు ‘క్వైట్’ చేరితే గుడ్ తగ్గుతుంది. ఫరవాలేదు, అంతే. ఆ ‘ఒకటి రెండు చిన్న కామెంట్లు’ తెరిచి చూస్తే సగం డాక్యుమెంట్ తిరగరాయమని ఉంటుంది. ఇది చాలదన్నట్టు, అదే ‘క్వైట్’ వెళ్లి ‘రైట్’, ‘ఇంపాసిబుల్’ లాంటి మాటల ముందు కూర్చుంటే బ్రిటన్‌లో కూడా ‘పూర్తిగా’ అనే అర్థం.

నిజానికి ఇది తెలుగువాళ్లకు కొత్త కాకూడదు. మొహమాటం మన సొంత సరుకు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ‘ఇంటికెళ్లి కబురు చేస్తాం’ అంటే ఆ కబురు ఏమిటో గుమ్మం దాటకముందే అందరికీ తెలుస్తుంది. చేబదులు అడిగితే ‘చూద్దాంలెండి’ అన్న మనిషిని మళ్లీ అడగం. బ్రిటిష్ వాళ్ల ‘ఐ విల్ బేర్ ఇట్ ఇన్ మైండ్’ అచ్చంగా ఆ చూద్దాంలెండే. చిక్కల్లా మనలో ఎక్కువమంది ఆఫీసు ఇంగ్లీషు నేర్చింది అమెరికన్ కాల్స్‌లో కావడం. తెలుగులో అయితే ఇట్టే పసిగట్టే మొహమాటాన్ని ఇంగ్లీషులో వినగానే ఉన్నదున్నట్టు నమ్మేస్తాం.

బ్రిటిష్ ఆఫీసులో చెవులు రిక్కించి వినాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. ‘యు మైట్ వాంట్ టు’ అని మొదలైతే అది సలహా కాదు, చెయ్యమని. ‘స్లైట్‌లీ కన్సర్న్‌డ్’ అంటే లోపల బాగానే కంగారు పడుతున్నారు. ‘విత్ రెస్పెక్ట్’ అన్నాక వచ్చే వాక్యంలో గౌరవం వెతక్కండి. మీ ప్లాన్‌ను ‘బ్రేవ్’ అన్నారంటే ఇంకోసారి ఆలోచించుకోవాలి. ‘నాట్ బ్యాడ్’ మాత్రం మెచ్చుకోలే, చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ‘ఇంటరెస్టింగ్’ దగ్గర జాగ్రత్త. ఆ మాట వెనకే ఒక ప్రశ్న వస్తే నిజంగానే ఆసక్తి ఉంది, వెనకే టాపిక్ మారిపోతే మీ ఐడియా అక్కడితో సరి. అలాగని ప్రతి మాటకూ గూఢార్థం తవ్వుకుంటూ కూర్చుంటే మతి పోతుంది. ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ వాళ్లకు మొహం మీదే చెప్పేస్తారని వాళ్ల దేశంలోనే పేరు.

ఈ తేడా ఆఫీసులకే పరిమితం కాదు. 1951 ఏప్రిల్‌లో కొరియా యుద్ధంలో, ఇమ్‌జిన్ నది దగ్గర చైనా సేనలు చుట్టుముట్టినప్పుడు బ్రిటిష్ బ్రిగేడియర్ టామ్ బ్రోడీ తన పై అమెరికన్ జనరల్‌కు ‘పరిస్థితి కాస్త ఇబ్బందిగా ఉంది’ అన్న తీరులో చెప్పాడంటారు. ‘కాస్త’ను కాస్తగానే తీసుకున్న జనరల్, నెట్టుకొస్తున్నారులే అనుకున్నాడని చెబుతారు. బ్రోడీ కింద ఉన్న గ్లాస్టర్‌షైర్ రెజిమెంట్ బెటాలియన్‌లో చాలామంది శత్రువుకు బందీలయ్యారు.

అమెరికన్ మాటకు లెక్క ఇటు నుంచి అటు. ‘ఆసమ్’, ‘గ్రేట్ జాబ్’ అంటే చాలాసార్లు ‘అందింది, సరిపోయింది’ అని మాత్రమే. అమెరికన్లది ముక్కుసూటి మాట అని పేరు గానీ, తప్పు చెప్పాల్సి వస్తే వాళ్లూ ముందొక పొగడ్త, చివరొక పొగడ్త పెట్టి మధ్యలో అసలు విషయం ఇరికిస్తారు. మధ్య ముక్కే మీకు కావాల్సింది. మనవాళ్లు రెండు చివర్లూ గుర్తుపెట్టుకుని మధ్యది మరిచిపోయి, ఏడాది చివర రేటింగ్ చూసి ‘ఇదేంటి, ఎప్పుడూ బాగుందనే అన్నారుగా’ అని నివ్వెరపోతారు. ‘లెట్స్ సర్కిల్ బ్యాక్’ అంటే కూడా చూద్దాంలెండే, కాకపోతే నవ్వుమొహంతో.

అట్లాంటిక్‌కు రెండు వైపుల వాళ్లూ ఉన్న మీటింగ్‌లో ‘టేబుల్’ అనే మాట వస్తే వెంటనే ఆపి అడగాలి. ఒక విషయాన్ని ‘టేబుల్ చేద్దాం’ అని లండన్ అంటే ఇప్పుడే చర్చకు పెడదామని, డాలస్ అంటే ప్రస్తుతానికి పక్కన పెడదామని. ‘మూట్ పాయింట్’ కూడా అంతే. లండన్‌లో వాదించదగ్గ విషయం, డాలస్‌లో వాదించి లాభం లేని విషయం.

దీనికి విరుగుడు ప్రశ్న అడిగే తీరులోనే ఉంది. ‘మీకు ఓకేనా?’ అని బ్రిటిష్ మనిషిని అడగడం వృథా, అవుననే అంటారు. ‘మూడో సెక్షన్ మార్చాలా, అలాగే వదిలేయమంటారా? శుక్రవారానికి కావాలా, నెలాఖరుకైనా ఫరవాలేదా?’ అని రెండు దారులు చూపించి అడిగితే అసలు జవాబు బయటికొస్తుంది. మీటింగ్ అయ్యాక నాలుగు లైన్ల మెయిల్‌లో ఎవరు ఏం చేస్తారో, ఎప్పటికో రాసి పంపితే ఇద్దరికీ మేలు.

సొంత డబ్బా కొలత కూడా వేరు. అమెరికాలో అప్రైజల్ ఫారంలో ‘నేను నడిపించాను, ఇంత శాతం తగ్గించాను’ అని రాయకపోతే చెయ్యలేదనే లెక్క. అదే ఫారం బ్రిటన్‌లో ఇస్తే కొంచెం ఎబ్బెట్టుగా చూస్తారు. అంకెలు అలాగే ఉంచి, విశేషణాలు తీసేస్తే చాలు. ఉద్యోగానికి పంపేది కూడా అమెరికాలో వీలైతే ఒక పేజీ రెజ్యూమే, బ్రిటన్‌లో రెండు పేజీల సీవీ. ఫొటో, పుట్టినతేదీ, తండ్రి పేరు రెండు చోట్లా అక్కర్లేదు.

పొద్దున్నే ఎదురుపడి ‘యూ ఆల్‌రైట్?’ అంటే మీ మొహం వాడిపోయి ఉందని కాదు, అది నమస్కారం. ‘యా, యూ?’ అని నడుస్తూనే అంటే సరిపోతుంది. అమెరికన్ ‘హౌ ఆర్ యూ’కి జవాబు ‘గుడ్’. మోకాలి నొప్పి సంగతి రెండు చోట్లా వద్దు. కొత్త పరిచయంలో అమెరికన్ ముందు పేరు చెప్పి, చెయ్యి కలిపి, రెండో నిమిషంలో ఏం చేస్తుంటారని అడుగుతాడు. బ్రిటిష్ మనిషి వాతావరణం మీద అరగంట మాట్లాడి పేరు చెప్పకుండానే వెళ్లిపోగలడు. అది పొగరు కాదు. బాస్‌ను పేరుతోనే పిలవాలి రెండు దేశాల్లోనూ. లండన్ ఆఫీసులో ‘సర్’ అంటే వెటకారమేమో అనుకునే ప్రమాదం ఉంది. టెక్సస్‌లో మాత్రం కొత్తవాళ్లను ‘సర్’, ‘మ్యామ్’ అనడం మామూలు మర్యాదే.

ఆఫీసు టీ సంగతి. బ్రిటన్‌లో ఎవరికివారు టీ కలుపుకుని సీటుకొచ్చి తాగడం పిసినారితనం కింద జమ. లేచేటప్పుడు పక్కన నలుగురినీ అడగాలి, ఎవరికి పాలు ఎంత, చక్కెర ఎన్ని చెంచాలని గుర్తుపెట్టుకోవాలి. మీ టీ బాగా లేకపోయినా ఎవరూ ఏమీ అనరు, మీ వంతు మాత్రం మరవరు. పబ్‌లోనూ ఇదే వంతుల పద్ధతి. ఒకరు అందరికీ కొంటారు, తర్వాత ఇంకొకరు. మందు తాగనివాళ్లు ‘లైమ్ అండ్ సోడా’ అడిగితే ఎవరూ ఎందుకని అడగరు. కానీ నాది సోడాయే కదా అని వంతు తప్పించుకుంటే పేరు పోతుంది. పెద్ద గుంపయితే ‘నాది నేను తెచ్చుకుంటాను’ అని మొదట్లోనే చెప్పేయాలి. రెండు రౌండ్లు తాగాక కాదు. అమెరికాలో బిల్లు చివర్లో పంచుకుంటారు, వెయిటరే కార్డుల మీద విడగొట్టి ఇస్తాడు.

పుట్టినరోజు కేకు విషయంలో మాత్రం బ్రిటన్ మన ఎలిమెంటరీ స్కూలు. ఎవరి పుట్టినరోజో వాళ్లే కేకులు తెచ్చి, కిచెన్‌లో పెట్టి, అందరికీ మెసేజ్ పెట్టాలి. మనం క్లాసంతా తిరిగి చాక్లెట్లు పంచినట్టే. అమెరికాలో టీమే కేకు తెచ్చి పాడుతుంది. అలవాటు కొద్దీ లండన్‌లో ఎదురుచూస్తూ కూర్చుంటే సాయంత్రానికి ఏమీ జరగదు.

సెలవుల దగ్గర తేడా మర్యాదలో కాదు, చట్టంలోనే ఉంది. బ్రిటన్‌లో ఏడాదికి 5.6 వారాల జీతంతో కూడిన సెలవు హక్కు. వారానికి ఐదు రోజుల ఉద్యోగికి 28 రోజులు. ఇంగ్లండ్‌లో 8 బ్యాంక్ హాలిడేలను, అంటే దేశమంతటికీ ఉండే ప్రభుత్వ సెలవులను, కంపెనీ అందులోనే కలపొచ్చు, కాబట్టి కాంట్రాక్ట్‌లో ‘25 ప్లస్ బ్యాంక్ హాలిడేస్’ అని ఉందా, మొత్తం 28యేనా అన్నది సంతకం పెట్టకముందే చూసుకోవాలి. ప్రైవేటు ఉద్యోగికి జీతంతో సెలవు ఇవ్వాలన్న ఫెడరల్ చట్టమే అమెరికాలో లేదు, కంపెనీ ఎంతిస్తే అంత. అందుకే సంక్రాంతికి మూడు వారాలు అడగాలంటే అక్కడ గొంతు తగ్గుతుంది, ఇక్కడ తగ్గనక్కర్లేదు. అయితే కాంట్రాక్ట్‌లో వేరే నియమం లేకపోతే, తీసుకునే సెలవుకు రెండింతల ముందు చెప్పాలన్నది బ్రిటన్ పద్ధతి. మూడు వారాలకు ఆరు వారాలు. జ్వరమొస్తే ఏడు రోజుల వరకూ డాక్టర్ చీటీ అక్కర్లేదు.

మానేసేటప్పుడు లెక్క తిరగబడుతుంది. అమెరికాలో, మోంటానా తప్ప, ఎవరు ఎప్పుడైనా బంధం తెంచుకోవచ్చు. రెండు వారాల నోటీసు ఆనవాయితీ మాత్రమే. బ్రిటన్‌లో కాంట్రాక్ట్‌ను బట్టి ఒక నెల నుంచి మూడు నెలలు మామూలు. పోటీ కంపెనీకి వెళ్తుంటే జీతమిచ్చి ఇంట్లో కూర్చోబెడతారు, దానికి ‘గార్డెన్ లీవ్’ అని ముద్దుపేరు. అమెరికన్ రిక్రూటర్‌కు ఈ మూడు నెలల సంగతి మొదటి కాల్‌లోనే చెప్పాలి. ఇక జీతం అక్కడ చాలాచోట్ల రెండు వారాలకోసారి, ఇక్కడ నెలకోసారి. అద్దె లెక్క మళ్లీ వేసుకోవాలి. బ్రిటన్ పన్ను ఏడాది ఏప్రిల్ 6న మొదలవుతుంది. చేరగానే ఇచ్చే ‘స్టార్టర్ చెక్‌లిస్ట్’ అనే పన్ను ఫారంలో తప్పు గడిలో టిక్ పెడితే 12,570 పౌండ్ల మినహాయింపు పోయి మొదటి పౌండు నుంచే పన్ను కోస్తారు. తర్వాత తిరిగొస్తుంది గానీ, కొత్త ఇంటి అడ్వాన్సు కట్టిన నెలలో అది చిన్న విషయం కాదు.

దుకాణంలో బ్రిటన్ ధర చీటీ మీద ఉన్నదే కట్టేది. వ్యాట్ అందులోనే ఉంటుంది. అమెరికాలో కౌంటర్ దగ్గర కలుస్తుంది, డాలస్‌లో అయితే 8.25 శాతం. అక్కడ హోటల్లో కూర్చుని తింటే 18 నుంచి 20 శాతం టిప్ తప్పనిసరి కిందే లెక్క. టిప్పులొచ్చే ఉద్యోగికి ఫెడరల్ కనీస వేతనం 1991 నుంచీ గంటకు 2.13 డాలర్లే, చాలా రాష్ట్రాలు మాత్రం అంతకు పైన ఇవ్వాలంటాయి. లండన్‌లో బిల్లు కింద 12.5 శాతం సర్వీస్ చార్జి చాలాసార్లు ముందే వేసి ఉంటుంది. చూసుకోకుండా పైన ఇంకో 20 ఇచ్చి రావడం అమెరికా నుంచి వచ్చినవాళ్లు కట్టే మొదటి జరిమానా.

సామాన్లు సర్దేటప్పుడు వంటింటి గురించి ఒక మాట. బ్రిటన్ కరెంటు 230 వోల్టులు, మన దగ్గర లాగే. ఊరి నుంచి తెచ్చిన మిక్సీ ప్లగ్ మార్చుకుంటే తిరుగుతుంది. ప్లగ్‌లో ఫ్యూజ్ ఉంటుంది, మిక్సీ 700 వాట్లు దాటితే 3 ఆంపియర్లది కాక 13 ఆంపియర్లది వెయ్యాలి. లేకపోతే ఇడ్లీపిండి మధ్యలో ఆగుతుంది. అమెరికాలో కొన్న 120 వోల్టుల రైస్ కుక్కర్‌ను ఇక్కడ నేరుగా పెడితే మాత్రం కాలిపోతుంది, దాన్ని అక్కడే ఎవరికైనా ఇచ్చేసి రావాలి. బ్రిటిష్ వాళ్ల టీ పిచ్చికి ఈ వోల్టులూ తోడే. వాళ్ల 3 కిలోవాట్ల కెటిల్‌లో లీటరు నీళ్లు సుమారు రెండు నిమిషాల్లో మరిగితే, అమెరికా 1500 వాట్ల కెటిల్‌కు నాలుగు నిమిషాలు పడుతుంది. బాత్‌రూంలో హెయిర్ డ్రయ్యర్ పెట్టే ప్లగ్ వెతక్కండి, ఉండదు.

తారీకులు 03/04 అని రాయకుండా నెలను అక్షరాల్లో రాయడం మంచిది. అక్కడ అది మార్చి, ఇక్కడ ఏప్రిల్. ‘హాఫ్ సెవెన్’ అంటే ఏడున్నర, ఆరున్నర కాదు. ‘ఫస్ట్ ఫ్లోర్’ అంటే మన మొదటి అంతస్తే, అమెరికన్లకు అది సెకండ్ ఫ్లోర్. ఇంకొకటి, ఇంటి ఓనరమ్మో పిల్లల స్కూలు తల్లులో పంపే మెసేజ్ చివర ఒక ‘ఎక్స్’ అక్షరం కనిపిస్తే అది టైపింగ్ తప్పు కాదు. ముద్దు అని అర్థం, మన ‘ఉంటానమ్మా’ పాటి ఆప్యాయత. జవాబులో ఆమెకు మీరూ ఒకటి పెట్టొచ్చు. మేనేజర్‌కు పెట్టకండి.