చచ్చిన బ్యాటరీతో డెబియన్ 12

మే మొదటి ఆదివారం. ఎండాకాలం సాయంత్రం నల్లగొండలో గాలిదుమారం లేస్తుందని తెలిసి కూడా నాలుగింటికి నా ల్యాప్‌టాప్‌లోని డెబియన్ (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) అప్‌గ్రేడ్ మొదలుపెట్టాను. నాదే తప్పు. ఈ పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చిపోయి ఏడాదైంది. 71 ప్యాకేజీల్లో (ప్రోగ్రామ్‌ల కట్టల్లో) సగం అయ్యేసరికి కరెంటు పోయింది, దాంతోపాటు ఇదీ.

కరెంటు వచ్చాక ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రాలేదు, అంతా నల్ల తెర. మస్తు టెన్షన్ పడ్డాను. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి టెక్స్ట్ లాగిన్‌లోకి వెళ్లి, ప్యాకేజీలను నెట్ నుంచి దించే ఆప్ట్ కమాండ్ నడిపాను. దాని వెనక ప్యాకేజీలను ఎక్కించే డిపికెజి మధ్యలో ఆగిందని చెప్పి, మందు కూడా అదే చెప్పింది: 'సుడో డిపికెజి --కాన్ఫిగర్ -ఎ' (సుడో అంటే అడ్మిన్ హక్కుతో నడపడం). తర్వాత 'సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్', ఆపైన మిగిలిన అప్‌గ్రేడ్. అరగంటలో డెస్క్‌టాప్ వచ్చేసింది. డిపికెజి ప్యాకేజీని విప్పడం ఒక పనిగా, సర్దడం (కాన్ఫిగర్) ఇంకో పనిగా చేస్తుంది. ఏ ప్యాకేజీ ఎంతదాకా వచ్చిందో '/వార్/లిబ్/డిపికెజి/స్టేటస్' ఫైల్‌లో రాసుకుంటుంది. అందుకే ఆగిన చోటు నుంచి మళ్లీ అందుకోగలిగింది. నేనేమో అప్పటికే మొత్తం తుడిచేసి కొత్తగా వేద్దామని పెన్‌డ్రైవ్ వెతుకుతున్నాను!

రెండో వారం. దేవరకొండలో మా అక్క కొడుకుదీ ఇదే డెబియన్, 64 బిట్‌దే. వాడికున్నది ఫోన్ డేటా ఒక్కటే. నేను దించినవే ఇద్దాం కదా అని, దించిన ప్యాకేజీలు చేరే '/వార్/క్యాష్/ఆప్ట్/ఆర్కైవ్స్' ఫోల్డర్‌ను చూడకుండా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పంపాను. రాత్రి ఫోన్: "మామా, ఇండ్ల ఏం లేదే!"

నిజమే. 'ఆప్ట్' కమాండ్ ఇన్‌స్టాల్ అయ్యాక డెబ్ ఫైళ్లను (దించిన ప్యాకేజీలను) తీసేస్తుంది. అదే పని చేసే పాత కమాండ్ 'ఆప్ట్-గెట్' అయితే ఉంచుతుంది. ఇన్నేళ్లుగా రెండూ ఒకటే అనుకున్నాను.

ఇప్పటి పద్ధతి: రాత్రి 'ఆప్ట్-గెట్ అప్‌డేట్', ఆ తర్వాత 'ఆప్ట్-గెట్ -డి అప్‌గ్రేడ్'. ఈ -డి ఉంటే డౌన్‌లోడ్ మాత్రమే జరుగుతుంది. పొద్దున కరెంటు నిలకడగా ఉన్నప్పుడు -డి లేకుండా అదే కమాండ్. డెబ్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో దేవరకొండ బస్సెక్కుతాయి. వాడు వాటిని తన ఆర్కైవ్స్ ఫోల్డర్‌లో వేసి, అప్‌డేట్, అప్‌గ్రేడ్ నడుపుతాడు. సరిపోయిన ఫైల్ అక్కడే ఉంటే ఆప్ట్ దాన్ని మళ్లీ దించదు. మొన్న వాడు నెట్ నుంచి దించుకున్నవి నాలుగే, నా దగ్గర లేని ఆటల ప్యాకేజీలు. ఇద్దరికీ పని అయ్యాక 'ఆప్ట్-గెట్ క్లీన్' కొడితే ఆ డెబ్ ఫైళ్లు పోయి నా డిస్క్‌లో 600 ఎంబీ ఖాళీ అయింది.

బ్యాటరీ కోసం గడియారం సెంటర్‌లో అడిగాను. ఈ మోడల్‌కు రావడం లేదన్నారు.