దగ్గుకా సామీ?

జూన్ చివర్లో తిరుమలలో దర్శనం చేసుకుని, గుండుతో కొండ దిగి, తిరుపతిలో చిత్తూరు బస్సెక్కాను. 70 కిలోమీటర్లు. అక్కను చూడాలన్నది ఎటూ ఉంది. అసలు లాగింది మాత్రం బావ ఫోన్లో నెల రోజులుగా ఊరిస్తున్న నీలం సీసా. వాళ్ల తమ్ముడు లండన్ నుంచి వస్తూ తెచ్చిన బాంబే సఫైర్ జిన్ అనే మద్యం.

దారి పొడవునా బెంగుళూరా కాయల ట్రాక్టర్లే. తోతాపురిని ఇక్కడ అలాగే అంటారు. గుజ్జు ఫ్యాక్టరీ ముందు నిలబడ్డ వాటిని లెక్కపెట్టబోయి, ముప్పై దాటాక వదిలేశాను.

లడ్డూ పొట్లం దేవుడి దగ్గర పెట్టీ పెట్టగానే అక్క తేల్చేసింది. "ప్రసాదం ఉండే ఇంట్లోకి ఆ సీసా తేబాకండి." బావ కిక్కురుమనలేదు. సీసా అప్పటికే మామిడితోట షెడ్డులో ఉందట.

సాయంత్రం తోటకు పోయేముందు బజారుకు తీసుకెళ్లమన్నాను. నాదొక చాదస్తం. తాగబోయేదాంట్లో ఏముందో ముందు ముక్కుకు తెలియాలి. ఈ జిన్‌లో పది దినుసులు వేస్తారు. జునిపర్ కాయ లేనిదే అసలు అది జిన్నే కాదు. కాయ అంటున్నాం గానీ నిజానికి అది పైన్‌కు చుట్టమైన చెట్టు శంకువు. అది మన బజారులో దొరకదు. ధనియాలు, బాదం, నిమ్మతొక్క, దాల్చినచెక్క లాంటి కాసియా, అతిమధురం, చలవమిరియాలు మాత్రం మనకు తెలిసినవే. మూలికల కొట్టాయన నా గుండు చూశాడు, గుండు మీది గంధం చూశాడు. అతిమధురం పుల్లలు పొట్లం కడుతూ "దగ్గుకా సామీ?" అన్నాడు. అవునన్నాను. దర్శనమైన మర్నాడే అబద్ధం.

జిన్‌లో కలుపుకునే చేదు సోడా, టానిక్ వాటర్ కోసం మూడు కొట్లు తిరిగాం. మూడో కొట్లో కుర్రాడు ఎదురుగా ఉన్న మెడికల్ షాపు వైపు చెయ్యి చూపించాడు. అలా చూస్తే వాడిదీ తప్పు కాదు. టానిక్‌లో చేదంతా క్వినైన్‌దే. తెల్లవాళ్లు మన దేశంలో మలేరియాకు ఆ చేదు మందు మింగలేకే జిన్ కలుపుకున్నారని చెప్పుకుంటారు. చివరికి బావ రెండు పన్నీరు సోడాలు, రెండు మామూలు సోడాలు కొన్నాడు.

షెడ్డులో రెండు స్టీలు గ్లాసులు, ఒక టీ గ్లాసు ఉన్నాయి. స్టీలు గ్లాసులో వాసన నిలవదని టీ గ్లాసు నేను లాక్కున్నాను. ఐసు లేకుండా, ఏమీ కలపకుండా ఒక అంగుళం పోసి ముక్కు దగ్గర పెడితే గంధం వాసన! నా నెత్తిదే. బోరు కింద తల కడుక్కుని, తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాను.

ఈసారి ముందు పైన్ బంక వాసన, రంపం పట్టిన కొత్త చెక్క దగ్గర వచ్చేలాంటిది. వెనకే నిమ్మతొక్క. సమానంగా నీళ్లు పోశాక ఘాటు తగ్గి లోపలివి బయటపడ్డాయి. ధనియాలు నలిపి పక్కన పెట్టుకున్నాను కాబట్టి గ్లాసులో వాటిని ఇట్టే పట్టుకోగలిగాను. గుటక దిగాక గొంతు చివర చలవమిరియాల వేడి. ఆ తర్వాత నాలుక మీద ఒక తీపి పొర. ఇది లండన్ డ్రై అనే రకం జిన్. అలా అనిపించుకోవాలంటే లీటరుకు 0.1 గ్రాముకు మించి చక్కెర ఉండకూడదు, కాచాక ఏ వాసనా కలపకూడదు. మరి తీపెక్కడిది? అతిమధురం పుల్ల నమిలి చూశాను. అదే పోలిక.

"అన్నీ వేసి ఉడకబెడతారా?" అన్నాడు బావ. చాలా జిన్‌లు దినుసులను స్పిరిట్‌లో నానబెట్టి కాస్తారు. దీనికి మాత్రం చిల్లులున్న రాగి బుట్టల్లో దినుసులు పెట్టి, ఆవిరిని వాటిగుండా పంపుతారు. "ఇడ్లీ మాదిరి" అన్నాను. బావకు అర్థమైపోయింది. నాకూ అంతవరకూ అంత బాగా అర్థం కాలేదు.

పన్నీరు సోడా కలపడం మాత్రం పాపం. గులాబీ వాసన మిగతావన్నీ మింగేసింది. ఆ గ్లాసు బావకిచ్చేశాను, ఆయనకు అదే నచ్చింది. నేను మామూలు సోడా పోసుకుని, పచ్చి బెంగుళూరా కాయ కోసి ఉప్పూకారం అద్ది ఒక ముక్క కొరికి, ఒక గుటక వేశాను. పులుపు తగిలేసరికి నిమ్మతొక్క వాసన మళ్లీ లేచింది. టానిక్ దొరకలేదన్న బాధ అక్కడితో పోయింది. రెండో గ్లాసు దగ్గర ఆపేశాం. రుచి తెలిసేది అంతవరకే, పైగా ఇంటికి పోవాలి.

మర్నాడు పొద్దున నా సంచిలో పొట్లాలు అక్క కంటపడ్డాయి. ఎవరికి దగ్గని అడగలేదు. ధనియాలు, అతిమధురం, చలవమిరియాలు దంచి కషాయం కాచి ఇద్దరికీ చెరో గ్లాసు తెచ్చింది. బావ వాసన చూసి నావైపు చూశాడు.

"తాగండి, మంచిది" అంది అక్క.