జపాన్ హోటల్లో కూర్చునే ముందు

హన్మకొండ నుంచి హైదరాబాద్ పోయి చిన్న జపాన్ హోటల్లో తినాలనుకుంటే, ముందు అడగాల్సింది దాషి సంగతి, అంటే వాళ్ల వంటల్లో వాడే చారు నీళ్ల సంగతి. శనివారం నీసు ముట్టనివాళ్లయితే మరీను. మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్‌లో కళ్లకు కనబడేది టోఫు (సోయా పనీర్), సముద్రపు నాచే. కానీ అందులోని దాషి నీళ్లు సాధారణంగా ఎండబెట్టిన బొనిటో చేప వేసి కాచినవే. టెంపురా (జపాన్ బజ్జీలు), ఉడాన్ (లావు గోధుమ నూడుల్స్) పక్కన ఇచ్చే సాస్‌లోనూ అదే ఉంటుంది. "వెజ్" అన్నా నమ్మేయకుండా, ఒట్టి కొంబు నాచుతో కాచిన దాషి ఉందా అని అడగండి.

సుషీకి (అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టింది) సోయా సాస్ చెంచాడు చాలు. అన్నం వైపు ముంచితే సాస్ పీల్చుకుని ముద్ద విడిపోతుంది, ఉప్పు తప్ప రుచేం తెలియదు. పక్కకు వాల్చి చేప అంచును మాత్రమే తగిలించాలి. చేత్తో తినొచ్చు, మనకు అదే నయం. అల్లం ముక్క సుషీ మీద పెట్టుకునేది కాదు. ఒకటి తిన్నాక, ఇంకోటి తినేముందు నోరు శుభ్రం చేసుకోవడానికి.

వాసబి అనే పచ్చటి ఘాటు ముద్ద మన పచ్చిమిరపకాయలా నాలుక మీద మండదు, నేరుగా ముక్కుకెక్కుతుంది. కారం అలవాటే కదా అని ఉండంత పెట్టుకోకండి. బియ్యపు గింజంత చాలు. చాలాచోట్ల ఇచ్చేది అసలు వాసబి కాదు, హార్స్‌రాడిష్ అనే ఘాటు వేరుకు ఆవపొడి, రంగు కలిపిన ముద్దే.

రామెన్ (చారులో వేసిన నూడుల్స్) రాగానే తినాలి. ఫోటోలు తీస్తూ కూర్చుంటే నూడుల్స్ ఉబ్బి మెత్తబడతాయి. పార్సిల్ అయితే చారు, నూడుల్స్ వేర్వేరుగా కట్టమనండి.