వార్డులో వినిపించే ఇంగ్లిష్ వేరు

యూకేలో నర్సుగా రిజిస్టర్ అవ్వాలంటే మనలాంటివాళ్ళు చాలామంది ఓఈటీయో ఐఈఎల్‌టీఎస్సో, ఏదో ఒక ఇంగ్లిష్ పరీక్ష రాసి వస్తారు. దానికి చదివేటప్పుడు వామిటింగ్, అన్‌కాన్షస్, పోస్ట్‌పోన్ లాంటివన్నీ నోటికొచ్చేస్తాయి, తీరా యార్క్‌షైర్‌లో సర్జికల్ వార్డులో డ్యూటీకి దిగాక పేషెంట్లు ఒక్కరైనా ఆ మాటలు వాడితే ఒట్టు, వాటి బదులు బ్రింగ్ అప్, పాస్ అవుట్ లాంటి జంట మాటలే (ఫ్రేజల్ వెర్బ్స్) వాడతారు.

ఒక పెద్దావిడ 'బ్రాట్ అప్ మై టీ' అంది. బ్రింగ్ అప్ అంటే పిల్లల్ని పెంచడం అనే కదా మనకి బళ్ళో చెప్పింది! ఆవిడ చెప్పేది తిన్నదంతా కక్కేశానని, పైగా ఉత్తర ఇంగ్లండులో సాయంత్రం భోజనాన్ని కూడా టీ అనే అంటారు.

పాస్ అవుట్ సంగతి ఇంకా ఘోరం. మన దగ్గర '2014 పాసవుట్' అంటే చదువైపోయిందని, ఇక్కడ పేషెంటు పాస్ అవుట్ అయ్యాడంటే స్పృహ తప్పాడని, అదే పాస్ అవే అంటే పోయాడని. పేషెంటు కూతురితో ఫోన్లో మాట్లాడుతూ ఆ చివరి ముక్క మార్చేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. నొప్పి మందు పవర్ తగ్గిపోతే వేర్ ఆఫ్, ఆపరేషన్ మత్తు నుంచి తేరుకుంటే కమ్ రౌండ్, కూర్చునే కునుకు తీస్తే నాడ్ ఆఫ్.

ఈ జంట మాటల్ని గెట్‌తో ఇన్ని, టేక్‌తో ఇన్ని అని వరసగా బట్టీ పట్టించే పుస్తకాలు నా దృష్టిలో దండగ. ఈత కొట్టడం, బోరు కొట్టడం, జేబు కొట్టడం మనమేమైనా పట్టిక చూసి నేర్చుకున్నామా? కొత్తగా వచ్చే చెల్లెళ్ళకి నేను చెప్పేది ఒకటే, హ్యాండోవర్‌లో, అంటే డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల సంగతులు అప్పజెప్పేటప్పుడు, విన్న వాక్యం మొత్తం రాసుకోండి, పేషెంటు మాట అర్థం కాకపోతే 'అంటే వాంతి అయ్యిందా' అని అక్కడే అడిగేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆపరేషన్ టైముల దగ్గర మాత్రం మరీ జాగ్రత్త. మన ప్రీపోన్ ఇక్కడ చాలామందికి తెలియదు, ముందుకు జరిపితే బ్రింగ్ ఫార్వర్డ్ అంటారు. కాసేపు వెనక్కి జరిగితే పుష్ బ్యాక్, అంటే ఆపరేషన్ ఇంకా ఉన్నట్టే, కాబట్టి ఆకలితో ఉన్న మనిషికి తిండి పెట్టకూడదు, మంచినీళ్ళ సంగతి కూడా ఆపరేషన్ థియేటర్ వాళ్ళని అడిగే చెప్పాలి. కాల్ ఆఫ్ అన్నారంటే ఆ రోజుకి రద్దయినట్టే, ఇంకే అడ్డూ లేదని డాక్టరు చెప్తే టోస్టు, టీ ఇచ్చేయొచ్చు.